విద్య చెట్టు, అరవై నాలుగు అంగుళాలు

మార్చి పద్నాలుగు, గురువారం, పొద్దున ఆరుంబావుకు మొదటి పిల్ల మా గేటు తట్టింది. పదో తరగతి పరీక్షలకు ఇంకా నాలుగు రోజులు.

మా కోరుట్ల ఇంటి ముందు థూజా చెట్టు ఉండేది. పిల్లలు విద్య చెట్టు అంటారు. దాని రెమ్మ పుస్తకంలో పెట్టుకుంటే చదివింది మరచిపోరని వాళ్ల నమ్మకం. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపి ఇక్కడికి వచ్చాక, మా ఆయన దాన్ని జగిత్యాల నర్సరీ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అప్పుడు ఎత్తు తొమ్మిది అంగుళాలు. ఏడాదికి ఐదు అంగుళాలకు మించి ఎదగలేదు. ప్రతి ఉగాదికి ఆయన బట్ట కొలిచే కర్రతో కొలిచేవాడు, నేను క్యాలెండర్ వెనక రాసేదాన్ని. ఆయనకు చదువు రాదు. పోయే ముందు చెట్టు గురించి ఒకే మాట అన్నాడు.

"అడిగిన పిల్లను ఉత్త చేతుల్తోటి పంపకు."

ఏటా పదిహేను మందికి మించి వచ్చేవాళ్లు కాదు. కొసల నుంచి వేలెడంత తుంచి ఇచ్చేదాన్ని.

"అవ్వా, ఒక్క రెమ్మ ఇయ్యవా?" అంది ఆ పిల్ల.

"రెమ్మ రాస్తదా పరీక్ష? నువ్వు సదివినవా లేదా?"

"సదివిన. లెక్కలకే దడ వుడుతున్నది. గిది గా పుస్తకంల వెడత."

ఇచ్చాను. ఆమె చెట్టు ఫొటో తీసి ట్యూషన్ గ్రూపులో పెట్టింది. ఆ రోజు ఏడుగురు, శుక్రవారం పంతొమ్మిది మంది, శనివారం ముప్పై ఎనిమిది మంది. రోడ్డు వైపు చేయి అందినంత మేర చెట్టు బోసిపోయింది.

నాకు వంకర కిట్టదు. ఆదివారానికి రెమ్మలు కావాలి, చెట్టూ సమంగా ఉండాలి. కర్రతో ఆరు అంగుళాలు లోపలికి కొలిచి చుట్టూ కత్తిరించాను. ఆకులేని పుల్లలు బయటపడ్డాయి. వేప కొట్టినా మునగ కొట్టినా మళ్లీ చిగురు వేస్తుంది, ఇదీ అంతే అనుకున్నాను. ఆదివారం వచ్చిన యాభై రెండు మందికీ సరిపోయాయి.

పక్కింటామె గోడ మీదుగా చూసింది. "ఏందక్కా, చెట్టును యేములాడ గుడికి తీస్కపోయి గుండు కొట్టించుకచ్చినవా?"

"మొలువదా ఏంది? మొలుస్తది," అన్నాను.

రోజూ రెండు బిందెలు పోశాను. ఏప్రిల్ దాటినా ఒక్క చిగురు రాలేదు. మే పదకొండున ఒక పుల్ల సంచిలో వేసుకుని జగిత్యాల నర్సరీకి పోయాను. అక్కడి మాలి దాన్ని గోరుతో గీరి చూశాడు.

"గింత లోపటికి ఎవలు కోసిండ్రమ్మా?"

"నేనే."

"గిది వేప లెక్క గాదు. ఆకు లేని కట్టెకు మళ్ల చిగురు రాదు. పచ్చగున్న కాడికే కోయాలె."

"నీళ్లు ఎక్కువ వోస్తె?"

"ఎన్ని వోసినా గంతే. కొత్తది తీస్కపో."

తీసుకోలేదు. పిల్లలకు రెమ్మలిచ్చేంత కావడానికి ఆరేళ్లయినా పడుతుంది. నాకు డెబ్బై నాలుగు.

జూలైకి చెట్టంతా ఎండింది, మొదలుతో సహా తీయించాను. ఈ మార్చిలో పిల్లలు మళ్లీ వచ్చారు. గేటు దగ్గరే నిలబడి లేదని చెప్పాను. "ఎండిన రెమ్మన్న ఇయ్యి అవ్వా," అంది ఒక పిల్ల. అదీ లేదు.

పోయినవి: చెట్టు ఒకటి. ఎత్తు అరవై నాలుగు అంగుళాలు. పెరగడానికి పట్టిన ఏళ్లు పదకొండు. ఈ ఏడాది ఉత్త చేతులతో పంపిన పిల్లలు నలభై ఒక్కమంది.