డబ్బాలో పద్నాలుగు పేర్లు

మా బాబాయి కూతురు లీలాకుమారి గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నాలుగు ముక్కలతో తేలే మనిషి కాదు. నేను రేపల్లె దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నవాణ్ణి. వాక్యం ఎక్కడైనా వంకర పోతే మీరే సర్దుకోండి, లెక్కలు మాత్రం తప్పవు. ఇరవై ఆరేళ్ల సర్వీసు, డెబ్బై ఒక్క సినిమా, ఒక్క ఫ్రేము పాడైందన్న మాట లేదు. అదీ మా లీల.

ఆమెది నెగెటివ్ కటింగ్ పని. ఎడిటరు ప్రింటు మీద ఎన్నిసార్లయినా కోస్తాడు, అతికిస్తాడు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో ఖాయమయ్యాక, కెమెరాలో నడిచిన అసలు నెగెటివ్‌ను అంచున ఉన్న నంబర్లు చూసుకుంటూ కోసేది లీల. అక్కడ కత్తెర పడిందంటే మళ్లీ వెనక్కి తీసుకోలేరు. తెల్ల నూలు తొడుగులు వేసుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుని చేసే పని. మద్రాసులో నేర్చుకుంది. ఎనభై నాలుగులో మేమంతా ఇటు వచ్చేశాం. కాపురాలు యూసుఫ్‌గూడలో. ఫిలింనగర్ గుట్ట మీద స్టూడియోలో తను కటింగు గదిలో, నేను స్టోరులో.

ఆ గదిలో ఇంకొకటి ఉండేది, తోలు సంచిలో ట్రాన్సిస్టరు. చేతులు పనిలో, చెవులు కామెంటరీలో. ప్రతి వన్డే అయిపోగానే తొడుగులు తీసి ఒక చిన్న అట్ట పుస్తకంలో రాసుకునేది. పరుగులు, వికెట్లు మాత్రమే కాదు. ఎవరికి మోకాలు నొప్పి, ఎవరి బదులు ఎవరిని దించారు, ఎవరిని ఊరికే వెంట తిప్పి ఆడించకుండా తీసుకొచ్చారు, అన్నీ. ప్రపంచకప్పు దగ్గర పడుతుంటే అందులోంచి పద్నాలుగు పేర్లు తీసేది. సెలెక్టర్లు చెప్పకముందే.

"కెప్టెన్నీ ఓపెనర్నీ చెప్పడానికి నేనెందుకన్నయ్యా? పేపరు చదివే ఎవరైనా చెబుతారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు ఎవరో చెప్పాలి. ఎవర్ని తీసుకుంటారా అని చూడకూడదు, ఎవర్ని వదులుకోలేరా అని చూడాలి" అనేది.

ఎనభై ఏడులో పన్నెండు పేర్లు కలిశాయి. తొంభై రెండులో పదమూడు. మా స్టూడియోలో డిగ్రీలున్నవాళ్లు, స్టేడియానికి పోయి చూసొచ్చేవాళ్లు రాసినవి తొమ్మిది దాటలేదు. కానీ ఆ పదమూడు దగ్గరే చిక్కొచ్చింది. ప్రొడక్షన్ మేనేజరు ఆదినారాయణ క్యాంటీనులో అందరి ముందూ అనేశాడు. "పేపర్లో పడ్డాక రాసుకుని, ముందే రాశానంటే ఎవరు కాదంటారండీ? తెలివైనదే."

లీల ఆ మాటని నాలుగేళ్లు మనసులో పెట్టుకుంది.

తొంభై ఆరు ప్రపంచకప్పు వచ్చింది. పద్నాలుగు పేర్లూ అట్ట పుస్తకంలోనే చివరి పేజీలో రాసి, తేదీ వేసి, ఆదినారాయణని, కెమెరా అసిస్టెంటు నర్సింహని పిలిచింది. "పేర్లు చూడకుండా కింద సంతకాలు పెట్టండి" అని ఆ పేజీ మీద కాగితం కప్పి పెట్టించింది. పుస్తకాన్ని ఖాళీ ఫిల్ము డబ్బాలో వేసి, చుట్టూ నల్లటేపు చుట్టి, మీద "తెరవరాదు" అని రాసి నాకిచ్చింది.

"అన్నయ్యా, ఇది నీ దగ్గరుండాలి. జట్టు వచ్చిన రోజున అందరి ముందూ ఆదినారాయణగారే తెరవాలి. రాసింది తప్పయితే తప్పనే అనుకోనీ. దొంగరాత అని మాత్రం అనిపించుకోను."

తాళం బీరువాలో పెట్టాను. అదే బీరువాలో, అదే నల్లటేపు చుట్టి, అదే "తెరవరాదు" అని రాసి, షూటింగు అయిన ఫిల్ము డబ్బాలు కూడా ఉంటాయి. వెలుతురు తగిలితే పోతాయి గనక అవి మద్రాసు ల్యాబు చీకటి గదిలో తప్ప తెరవకూడదు. ఇక్కడ చెప్పక తప్పదు, పొరపాటు నాదే. పాట షూటింగువి మూడు డబ్బాలు మద్రాసు రైలుకి ఇమ్మంటే ఉన్న నాలుగింటిలో చేతికందిన మూడూ ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున పేపర్లో జట్టు పడింది. పది గంటలకల్లా క్యాంటీను ముందు ఎండలో నలభై మంది పోగయ్యారు. బీరువాలో మిగిలిన ఒక్క డబ్బా తెచ్చి ఆదినారాయణ చేతిలో పెట్టాను. ఆయన చాకు తీసి, "ఏమండీ లీలాకుమారిగారూ, పాపం ఈసారి ఎన్ని తప్పాయో చూద్దామా?" అంటూ టేపు కొస లాగాడు.

"ఒక్క నిమిషం, అలా ఇవ్వండి" అంది లీల. డబ్బాను రెండు చేతులా అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ వంచింది. టేపు కొసని గట్టిగా నొక్కి మళ్లీ అతికించింది. "ఇది తెరవొద్దు."

"అదేంటమ్మా! జట్టు చూశాక భయమేసిందా?"

నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నా పుస్తకం చిన్నది. వంచితే జారి టకటకమనాలి. ఇందులో ఏదో బిగుతుగా కూర్చుని ఉంది. ఇది ఫిల్మనుకుంటున్నాను."

"అనుకోవడమేంటండీ? తెరిస్తే తెలిసిపోతుందిగా!"

"తెరిస్తే తెలుస్తుంది. ఆ తర్వాత ఇక ఏమీ ఉండదు." డబ్బాను కొంగు కింద పెట్టుకుని నిలబడింది. నాలుగేళ్లుగా ఆ టేపు ఊడే క్షణం కోసమే ఎదురుచూసిన మనిషి, ఇప్పుడు ఊడనివ్వను అంటోంది. ఊహ తప్పయితే, భయపడి దాచిందనే అపవాదు ఈ జన్మకి పోదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

నర్సింహ ముందుకొచ్చాడు. షేక్‌పేట కుర్రాడు, పనిమంతుడు. "జర ఆగుండ్రి సార్. లొల్లెందుకు? నా నల్లసంచి ఉంది కదా."

కెమెరావాళ్లు ఫిల్ము మార్చుకునే సంచి అది. వెలుతురు చొరదు, చేతులు పెట్టడానికి రెండు బట్టగొట్టాలుంటాయి. డబ్బాను అందులో పెట్టి, జిప్పులు లాగి, మోచేతుల దాకా చేతులు దూర్చి, కళ్లు మూసుకుని టేపు విప్పాడు.

"అక్కా!" అన్నాడు కళ్లు తెరిచి. "గిది ఫిల్మే. పాటదే అయ్యుంటది. బుక్కు గిట్ల ఏం లేదిందుల."

ఆదినారాయణ బెంచీ మీద కూలబడ్డాడు. అరవై మంది డాన్సర్లతో తీసిన పాట. హీరోయిన్ డేట్లు ముగిసి బొంబాయి వెళ్లిపోయింది. మళ్లీ తీయడం జరిగే పని కాదు. తేరుకోగానే నా మీద విరుచుకుపడ్డాడు. లీల అడ్డొచ్చింది.

"అన్నయ్యనేమీ అనకండి. రెండింటి మీదా ఒకే మాట రాసి ఉంటే ఎవరైనా పొరబడతారు. ఆ మాట రాసింది నేనే. ముందు మద్రాసుకి ఫోన్ చేయించండి, అక్కడ నా పుస్తకాన్ని ఫిల్ము కడిగే మందులో ముంచకముందే."

నర్సింహ ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాడు.

ఆదినారాయణ లేచి లీల ముందు నిలబడ్డాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "అమ్మా, పుస్తకం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. ఇదిగో పేపరు. నువ్వు పద్నాలుగూ కలిశాయని చెప్పు, పద్నాలుగే అని ఈ గోడ మీద నేనే రాయిస్తా."

లీల పేపరు అందుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చూసుకుంటూ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. పద్నాలుగు అనేస్తుందేమోనని, అనాలని కూడా, అనుకున్నాను. ఇంటి మనిషిని కదా!

"పదమూడు" అంది. "నేను రాసిన ఒక బౌలరు ఇందులో లేడు. వాళ్లు బ్యాట్స్‌మన్ని తీసుకున్నారు. తప్పు నాదే, మన పిచ్‌ల సంగతి నేను సరిగా ఆలోచించలేదు."

తొడుగులు వేసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఆరో రోజున ల్యాబు నుంచి డబ్బా తిరిగొచ్చింది. పుస్తకంతోపాటు ఒక చీటీ. ల్యాబులో పనిచేసే ఎవరో తెలుగాయన రాశాడు: "అయ్యా, చీకట్లో తడిమితే కాగితాలు తగిలాయి. ఈ రకం ఫిల్ము ఏ మందులో కడగాలో తెలియక పంపుతున్నాం." క్యాంటీనంతా పడీ పడీ నవ్వింది. ఆదినారాయణ మాత్రం నవ్వకుండా చివరి పేజీ తీసి, తన సంతకం చూసుకుని, పేపరు పక్కన పెట్టి పైకి చదివాడు. పదమూడు కలిశాయి. తప్పింది ఆ బౌలరే.

తొంభై తొమ్మిదిలో జట్టుకి పదిహేను మంది అన్నారు. లీల ఖాళీ డబ్బా ఇమ్మని నా స్టోరుకి వచ్చింది. వెనకాలే ఆదినారాయణ, చేతిలో సుద్దముక్క.

"డబ్బా ఎందుకమ్మా మళ్లీ? నువ్వు నోటితో చెప్పు, క్యాంటీను బోర్డు మీద నేను రాస్తా. టేపులూ సంతకాలూ వద్దు."

లీల చెప్పింది, ఆయన రాశాడు. ఎన్ని కలిశాయంటారా? పద్నాలుగు. జట్టు వచ్చిన రోజున, ట్రాన్సిస్టరులో ముందే విని, మిగతావాళ్లు పేపరు మడత విప్పేలోపే, బోర్డు మీద ఆ తప్పిన ఒక్క పేరు కింద గీత గీసింది కూడా మా లీలే.