పీర్ల వెంట తిరిగిన పుట్టినరోజు

వికారాబాదులో మేముండే వీధి చివర పూజా సామాన్ల దుకాణం ఒకటుంది. మొన్న ముసురు పట్టిన సాయంత్రం ఉల్లిగడ్డల కోసం గొడుగేసుకుని అటు పోతే, ఆ దుకాణపాయన నిప్పుల మీద చిటికెడు ఊదు చల్లి పొగ పెట్టుకుంటున్నాడు. తడి గాలికి ఆ పొగ పైకి లేవలేక నేలబారున పాకుతూ వచ్చి నన్ను చుట్టుకుంది. అంతే, యాభై దాటి, మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ నడిచే నేను, నడి బజారులో నిలబడిపోయి, అయ్యో నా పుట్టినరోజు వచ్చేసిందే, కొత్త బట్టలు కుట్టించుకోనేలేదే అనుకున్నాను. ఇంటికొచ్చి క్యాలెండరు చూస్తే నిజంగానే పీర్ల పండుగకు ఇంకా నాలుగు రోజులుంది.

మా ఇల్లు తాండూరు పొలిమేరలో ఉండేది. ముందు రోడ్డు, వెనక కల్లం, కల్లం దాటితే మా కంది చేను. అమ్మకు నాకంటే ముందు ఇద్దరు పుట్టి, పురిటి స్నానాలైనా కాకముందే పోయారు. మూడోసారి నేను కడుపులో పడ్డప్పుడు నాయనమ్మ పీర్లకు మొక్కింది. ఎరగని వాళ్ళకు చెప్పాలి, పీర్లంటే మొహర్రం నెలలో నిలబెట్టే వెండి, ఇత్తడి పంజాలు. వాటిని పొడుగాటి కర్రలకు బిగించి, దట్టీలని రంగు రంగుల బట్టలు చుట్టి, పది రోజులు పీర్ల చావిడిలో ఉంచుతారు. చివరి రోజు డప్పులతో ఊరేగించి నీళ్ళ దగ్గరికి తీసుకుపోతారు. మా వైపు ఆ పండుగకు తురకలెవరో హిందువులెవరో చెప్పడం కష్టం. నిప్పుల గుండం తవ్వేది ఒకరు, కట్టెలు తెచ్చేది ఒకరు, దాని చుట్టూ ఎగిరేది అందరూ. ఆ చివరి రోజున, ఊరేగింపు మా వాకిట్లోకి వచ్చి నాయనమ్మ పీర్ల ముందు నీళ్ళు వారబోస్తుండగా, లోపలింట్లో నేను ఏడ్చానట. అందుకే బడిలో సరోజనైనా ఇంట్లో పీరమ్మనే.

నా పుట్టినరోజు కూడా ఆ రోజే చేసేవాళ్ళు. పొద్దున్నే తలంటి, కొత్త గౌను తొడిగి, ఆకుపచ్చ గాజులు వేసి, అమ్మ గోధుమ రొట్టెలు వేడి మీదే నలిపి, బెల్లమూ నెయ్యీ సోంపూ కలిపి మలీద ముద్దలు చేసేది. వాటిని పీరుకు చూపించేదాకా వేలు కూడా నాకనిచ్చేది కాదు నాయనమ్మ. చావిడి దగ్గర మస్తాన్ తాత ఉండేవాడు. పీర్లను ఎత్తడం, కట్టడం, దించడం అన్నీ ఆయన వంశం పని. నెమలీకల కట్టతో నా నెత్తి మీద తట్టి, ఇంత ఊదు బూడిద నోట్లో వేసేవాడు. మలీద తీపి కంటే ముందు ఆ బూడిద చేదు నాలుకకు తగలడమే నాకు పుట్టినరోజు.

ఒక్కటే తిరకాసు. నాకు గుర్తున్న మొదటి పుట్టినరోజు చలికాలంలో జరిగింది, వెనక చేనంతా కంది పూతతో పచ్చగా ఉంది, నాయిన కంబళి నాకు కప్పి ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ఒకటి దీపావళి మందుల వాసనలో జరిగింది. ఇంకో ఏడు తంగేడు పూలు బతుకమ్మకు కోయాలా పీర్ల దారికి చల్లాలా అని అక్కచెల్లెళ్ళ వరసయ్యే పిల్లలమంతా కొట్లాడుకున్నాం. నేను ఆరో తరగతికొచ్చిన ఏడు వినాయకుణ్ణి నీళ్ళలో వేసి పది రోజులు తిరగకుండానే పీర్లు లేచాయి. పండుగలన్నీ ఉన్న చోటే ఉండి, నా పుట్టినరోజు మాత్రం వాటన్నిటి మీదుగా వెనక్కి నడుస్తుంటే, నాకది వింతగా తోచలేదు.

ఆ ఆరో తరగతిలోనే సువర్ణ టీచరు మా బడికి వచ్చింది. వికారాబాదు నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వచ్చేది. మా బడికి బెంచీలు లేకపోయినా, తాండూరు కదా, నున్నటి నాపబండల నేలకు తక్కువ లేదు. వానకాలం అది చల్లగా తొడలకు తగులుతుంటే, దగ్గర్లోని బండల మిల్లు కోత చప్పుడు గుయ్యిమని వినిపిస్తుంటే, టీచరు చెప్పే సాంఘికశాస్త్రం జోలపాటలా ఉండేది. ఆ నిద్ర వదిలించడానికేనేమో, ఆమె వరండాలో ఒక నల్లబోర్డు పెట్టి, పైన 'నేటి విశేషాలు' అని రాసింది. పొద్దున బడిలోకి అడుగు పెడుతూనే అది చదవాలి. ఈ రోజే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు, ఈ రోజే ఫలానా యుద్ధం ఆగింది, ఈ రోజు ప్రపంచమంతా ఆరోగ్య దినం జరుపుకుంటుంది, ఇట్లా. ఇవన్నీ ఆమె పత్రికల ముక్కలు అతికించుకున్న లావాటి నోటుబుక్కులో నుంచి వచ్చేవి. కింద చివరి వరసలో 'ఈ రోజు పుట్టిన మన పిల్లలు' అని ఉండేది. అక్కడ పేరు పడ్డవాళ్ళు ఆ సాయంత్రం ఇంటి గంట కొట్టాలి. గంటంటే వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అటెండరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడని ఆ ఇనుప సుత్తె ఒక్కసారి చేతికొస్తే చాలని మా అందరికీ ప్రాణం కొట్టుకునేది.

వారాలు గడిచినా మా తరగతి వాళ్ళ పేర్లు మాత్రం పడవు. అడిగితే టీచరు రిజిస్టరు తెరిచి చూపించింది. నలభై మందిలో ముప్పై మందికి పైగా జూన్ ఒకటో తారీఖున పుట్టినవాళ్ళమే. బడిలో వేసేటప్పుడు పిల్ల ఎప్పుడు పుట్టిందని సారు అడగడం, నాయినలు తల గోక్కోవడం, సారు తనకు తోచిన తారీఖు రాసేసుకోవడం మా దగ్గర మామూలే. జూన్ ఒకటిన ఎండాకాలం సెలవులు. ఆ బోర్డు మీద మా పేర్లు పడే రోజు ఏడాదిలో లేనే లేదన్నమాట.

"అందరు ఒక్క దినమే పుట్టిన్రా? గా దినం తాండూరుల మంత్రసానికి బుక్కెడు బువ్వ తినేతందుకన్న టైం దొరికిందో లేదో!" అని టీచరు నవ్వి, ఇంటికి పోయి పెద్దవాళ్ళకు ఏది గుర్తుంటే అది అడుక్కుని రమ్మంది. మరునాడు తరగతి గది సంతలా ఉంది. ఒకడు కాగ్నా నదికి నీళ్ళొచ్చి బండ్లు ఆగిపోయిన నాడు పుట్టాడు. ఒకామె మేనత్త పెళ్ళి పందిట్లో పుట్టింది. ఒకడి అవ్వ కన్నడంలో ఏదో చెబితే వాడు దాన్ని తెలుగు చేయలేక ఏడుపు మొహం పెట్టాడు. నేను మాత్రం ధీమాగా లేచి, పీర్ల పండుగ నాడు, మొన్ననే అయిపోయింది టీచర్, మీరే రాయలేదు అన్నాను.

టీచరు దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. పీర్ల నెల చంద్రుణ్ణి చూసి వచ్చేది, మన ఇంగ్లీషు తారీఖుల్లో ఏడాదికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, నువ్వు పుట్టిన తారీఖు ఒకటే ఉంటుంది, అది ఏ నెలో వెతకాలి అని. ఇన్నేళ్ళూ నాది కాని రోజున గౌను తొడుక్కున్నానన్నమాట. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ చేటలో కందిపప్పు అట్లాగే వదిలేసి లేచింది.

"పీరిచ్చిన పిల్లకు పీరు దినం కాకుంట ఇంకో దినముంటదే? గా పంతులమ్మకేమెరుక! సుత్తె పట్టి గంట గొట్టేతందుకు పీరును ఇడిసిపెడ్తవా?"

నాయనమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ లోపల భయంగానే ఉంది, పీరుకు కోపమొస్తే ముందు ఇద్దరిలాగే నన్నూ తీసుకుపోతాడేమోనని. అయినా ఆ సుత్తె మీది ఆశ చావలేదు. చివరికి ఎవరికీ చెప్పకుండా మస్తాన్ తాత దగ్గరికే పోయి, తాతా, పీరుకు కోపం రాకుండా నా తారీఖు కావాలి అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నవ్వాడు.

"ఫికర్ చేయకు బిడ్డా. చాందు గూడ దేవునిదే, తారీఖు గూడ దేవునిదే. పీరుకు రెండు లెక్కలొస్తయి."

సందుగపెట్టెలోంచి పాత ఉర్దూ జంత్రీలు తీశాడు. ఒక్కో ఏటికి ఒక్క పుస్తకం, చంద్రుడి నెలా ఇంగ్లీషు నెలా పక్కపక్కనే ఉంటాయి. నేను పుట్టిన ఏడు పీర్లు మా వాకిట్లోకి వచ్చినప్పుడు కల్లం నిండా కంది మోపులు ఉన్నాయని, అది బేస్తవారమని ఆయనకు గుర్తుంది. కందులు ఇంటికొచ్చే కాలంలో పీర్లు లేచిన ఏళ్ళు రెండో మూడో. వాటిలో పదో రోజు బేస్తవారమైంది ఒక్కటే. సంక్రాంతి పోయిన తొమ్మిదో రోజు. టీచరు ఆ తారీఖు నోటుబుక్కులో రాసుకుంటుంటే నేను పక్కనుంచి తొంగి చూశాను.

జనవరి దాకా నాలుగు నెలలు ఎట్లా గడిపానో నాకే తెలియదు. ఆ పొద్దున మంచులో అందరికంటే ముందు బడికి పోయి చూస్తే, ఏదో దేశంలో ఏదో ఒప్పందం కుదిరిన సంగతి కింద, గుండ్రటి అక్షరాలతో 'సరోజ, ఆరో తరగతి' అని ఉంది. చంద్రుడి మీద కాలు పెట్టినవాడికి కూడా అంత గర్వం ఉండి ఉండదు. మధ్యాహ్నం అమ్మ టిఫిను డబ్బాలో మలీద పట్టుకుని బడికి వచ్చింది. నాయనమ్మే చేసి పంపిందట, పీరు దినం కాకపోయినా పిల్ల నోరు ఊరికే ఉండకూడదని. ఆమె కోపం అంతవరకే.

అమ్మకు చదువు రాదు. వేలు పెట్టి చూపిస్తే నా పేరు కేసి చాలాసేపు చూసింది. తర్వాత పక్కనే ఉన్న టీచరు వైపు తిరిగి, కొంగు సర్దుకుని, చిన్నగా అడిగింది.

"టీచరమ్మా, గీమె కన్న ముందు ఇద్దరుండిరి. వాండ్ల దినాలు గూడ గిట్ల దొరుకుతయా?"

నాకు ఒళ్ళు మండింది. నెలల తరబడి ఎదురుచూసిన నా ఒక్క రోజున, బతికి లేని వాళ్ళ గురించి అడుగుతుందేమిటి అనిపించింది. ఆ సాయంత్రం గంట కొట్టానేగానీ, ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడకుండా పడుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

టీచరు మర్చిపోలేదు. మొదటివాడు నాకంటే నాలుగేళ్ళు ముందు, మా తాండూరు భద్రేశ్వరుడి తేరు లాగిన నాడు పుట్టాడని అమ్మ చెప్పింది. గుడి పూజారి దగ్గర పాత పంచాంగం చూసి టీచరు తారీఖు పట్టుకుంది. ఏప్రిల్‌లో, ఒంటిపూట బడులప్పుడు, ఒక పొద్దున బోర్డు చివరి వరసలో ఇట్లా ఉంది: 'ఆరో తరగతి సరోజ వాళ్ళ అన్న పుట్టినరోజు.' పేరు లేదు, పేరు పెట్టేదాకా వాడు ఉండలేదు కనుక. పిల్లలంతా నా చుట్టూ మూగి, నీకు అన్న ఉన్నాడా అని అడిగారు. ఉన్నాడు అన్నాను. అప్పటిదాకా ఇంట్లో 'ముందటోడు' అనే మాటే తప్ప అన్న అనే మాట నేను వినలేదు, అనలేదు.

"మీ అన్న తరఫున నువ్వే గొట్టు" అని టీచరు సుత్తె నా చేతికిచ్చింది. ఎంత గట్టిగా కొట్టానంటే అటెండరు పరుగెత్తుకొచ్చాడు. అమ్మ ఆ ఎండలో కల్లంలో నిలబడి, ఆ గంట ఆగేదాకా విన్నదని నాయనమ్మ తర్వాత చెప్పింది.

రెండోది ఆడపిల్ల. అప్పుడు అమ్మకు జ్వరంతో ఒంటి మీద తెలివి లేదు. కాన్పు పుట్టింట్లో, దౌల్తాబాద్ దగ్గరి పల్లెలో జరిగింది, చూసిన అమ్మమ్మ అప్పటికే పోయింది. మిరుగం, అంటే మృగశిర కార్తెలో, వాన పడుతుండగా పుట్టిందని తప్ప అమ్మకు ఇంకేమీ తెలియదు. ఆ కార్తె పద్నాలుగు, పదిహేను రోజులు ఉంటుంది. టీచరు సెలవుల్లో వెతుకుతానంది. బడి తెరిచేసరికి ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది, కొత్తగా వచ్చిన సారు ఆ బోర్డు మీద ఫీజుల నోటీసు అతికించాడు.

ఇప్పుడు ఆ వరండా లేదు, రైలుపట్టా గంటా లేదు. మస్తాన్ తాత పోయాక జంత్రీల పెట్టెను చెదలు తినేశాయి. పిల్లలు పుట్టిన నిమిషంతో సహా ఆసుపత్రి కాగితం చేతికొస్తుంది, ఎవరి నాయినా తల గోక్కోవలసిన పని లేదు. మంచిదే, కాదనను. కానీ ఏ తేరు లాగుతుంటే, ఏ ఏరు పొంగుతుంటే తాము పుట్టారో ఆ పిల్లలను అడిగితే చెప్పలేరు, అడిగేవాళ్ళూ లేరు.

నాకు ముప్పై మూడో ఏట, చంద్రుడి లెక్కా తారీఖుల లెక్కా మూడు నాలుగు రోజుల తేడాతో మళ్ళీ కలిశాయి. ఆ చలికాలం అమ్మ నా దగ్గరే ఉంది. ఇద్దరం ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. పీర్లదొకటి, జంత్రీదొకటి, రిజిస్టరుదొకటి, నాకు మూడు పుట్టినరోజులున్నాయి కదమ్మా, ఒకటి అక్కకు ఇచ్చేద్దామా అన్నాను నవ్వుతూ. అమ్మ నవ్వలేదు.

"నీది దానికెందుకు బిడ్డా? దాని దినం దానికుంటది. మనకే ఎరుక లేదు."

అమ్మ పోయి తొమ్మిదేళ్ళవుతుంది. తొలకరి పడి మిరుగం మొదలైతే, ఆ పదిహేను రోజులూ పొద్దున లేస్తూనే, ఇవాళే కావచ్చు అనుకుంటాను.