ఇంగ్లండు పచ్చికలో కలుపు తీసినవాడు

మా తోటమాలి పోయాడని మొన్న శుక్రవారం అతని కొడుకు జగిత్యాల దగ్గరి వాళ్ల ఊరి నుంచి ఫోన్ చేశాడు. సెలవు మీద వెళ్లినవాడు, నిద్రలోనే పోయాడట. "ఎవ్వలికీ ఒక్క పని గుడ చెప్పకుంట పోయిండు టీచరమ్మా" అన్నాడు. బతికుండగా చెప్పినవి చాలవా అనబోయి ఊరుకున్నాను. డెబ్బై దాటాక నోరు కొంచెం అదుపులోకి వస్తుంది.

"మా" అంటున్నానే గాని అతను మాకు తోటమాలి కాదు. ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో నేను మా అమ్మాయి వాళ్లతో ఉండే అద్దె ఇంటి యజమానికి పక్కనే ఇల్లు, పెద్ద ఖర్జూరం తోట ఉన్నాయి. ఆయన్ని అందరూ అర్బాబ్, అంటే యజమాని, అంటారు. ఇరవై ఏళ్లు ఆ తోట ఇతని చేతిలోనే ఉంది. ఏటా మగ చెట్టు పూత కోసి, నడుముకు తాడు బిగించి, ఒక్కో ఆడ చెట్టూ ఎక్కి పూగుత్తుల్లో కట్టివచ్చేవాడు. "పెండ్లిండ్ల సీజన్ టీచరమ్మా, మాట్లాడ తీరిక లేదు" అని పైనుంచి అరిచి, గంటసేపు మాట్లాడేవాడు.

నాలుగేళ్ల కిందట అర్బాబ్ తన తల్లిని మోకాళ్ల వైద్యానికి ఇంగ్లండు తీసుకెళ్లాడు. చక్రాల కుర్చీ తోయడానికి తోటమాలి, డాక్టర్ల ఇంగ్లీషుకు నేను. మస్కట్ బళ్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన పాపం ఊరికే పోతుందా!

ఒక ఆదివారం అక్కడి పాత దొరల ఎస్టేటు చూడబోయాం. పెద్ద మేడ, ముందు చెరువు, కనుచూపు మేర పచ్చిక, అక్కడక్కడా చెట్లు. అన్నీ వాటంతట అవే మొలిచినట్టుంటాయి. అలా కనిపించడానికి తరతరాలు చాకిరీ చేశారట. చాప పరిచి ఖర్జూరాలు, ఫ్లాస్కులో కాఫీ తీశాం. పక్కకు చూస్తే మనవాడు గొంతుక్కూర్చుని తెల్లపూల మొక్కలు పీకి కుప్ప పోస్తున్నాడు! అక్కడ పనిచేసే ఒకావిడ పరుగున వచ్చింది. అవి కావాలని వదిలినవట.

"కలుపును గుడ సాదుకుంటుండ్రా వీళ్లు?" అన్నాడు నాతో.

"కూలి అడగడు లెండి" అని ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను. నవ్వింది గాని, అతని పక్కనుంచి కదల్లేదు.

అంతలో అర్బాబ్ చేతులు చాచి, "నాకు ఇదే కావాలి. ఇంటి ముందు అరవై చెట్లు కొట్టేసి గడ్డి వేద్దాం" అన్నాడు. తోటమాలి ముఖం మాడిపోయింది. ఆ అరవై అతను పిలకలుగా నాటి పెంచినవి. ఎదురు చెబితే రేపే టికెట్ కొని ఇంటికి పంపగలడు అర్బాబ్.

"టీచరమ్మా, గా బోర్డు మీద ఏం రాసిండ్రు?" అన్నాడు మెల్లగా. చదివి చెప్పాను. ఒకప్పుడు ఆ పచ్చిక మధ్య ఊరుండేది. కిటికీలోంచి చూడటానికి అడ్డమని దొర దాన్ని అక్కణ్ణించి తీయించాడు.

"సూసెతందుకు ఊరే తీసిండా!"

అర్బాబ్‌ను కాదు, ముసలమ్మను అడిగాడు, తనకొచ్చిన అరబీలో. "అమ్మా, ఆ చెట్లు పోతే పొద్దుగాల నీ కుర్చీ యాడ ఎయ్యాలె? నువ్వు జాగ సూపెట్టు, మిగిలిందంత గడ్డి ఏస్త."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. "నా కుర్చీ నీడలోనే ఉంటుంది. నీకు గడ్డే కావాలంటే ఇక్కడే ఉండిపో."

అర్బాబ్ వారం రోజులు తోటమాలితో మాట్లాడలేదు. తిరిగొచ్చాక ఒక మూల చాపంత గడ్డి మాత్రం వేయించుకున్నాడు. తోటమాలి దానికి మూడు పూటలా నీళ్లు పెట్టేవాడు. "అలిగిన అల్లుడసొంటిది టీచరమ్మా, మర్యాద జెయ్యాలె" అనేవాడు.

తోటమాలి పోయిన సంగతి అర్బాబ్‌కు నేనే చెప్పాను. మర్నాడు పొద్దున గోడ మీదుగా చూద్దును గదా, తెల్ల అంగీ నడుముకు దోపుకుని, ఏనాడూ పైపు పట్టని మనిషి ఆ అరవై చెట్ల పాదుల్లో నీళ్లు పెడుతున్నాడు. సగం నీళ్లు చెప్పుల మీదే. "చివరిది వదిలేశావు" అంది తల్లి, నీడలో కుర్చీలోంచి. ఆయన తడిసిన చెప్పులు విప్పి పక్కన పెట్టి, బురదలో ఉత్తకాళ్లతో ఆ చెట్టు దగ్గరికి వెనక్కి నడిచాడు.