వెనక్కి తిరిగి చూసిన హస్కీ

వస్తామన్న ఫ్రెండ్స్ చివర్లో మానేశారు. మిషిగన్‌లోని నోవై నుంచి అలాస్కాకి ఒక్కడినే వెళ్లాను.

మంచులో ఆరు హస్కీ కుక్కలు బండి లాగుతుంటే, వెనక నిలబడి హ్యాండిల్ పట్టుకున్నాను. గైడ్ మార్తా తన బండితో ముందు వెళ్తోంది. కాసేపటికి నా జట్టులో అన్నిటికన్నా ముందున్న నల్లకుక్క పరుగు తగ్గించి, మాటిమాటికీ వెనక్కి చూడసాగింది. భయమేసి బ్రేక్ తొక్కాను. మార్తా కూడా బండి ఆపి, నా దగ్గరికి నడిచి వచ్చింది.

"దీనికేమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాను.

"లేదు. నీ గొంతు వినబడక, బండి మీంచి పడిపోయావేమోనని చూస్తోంది. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"కుక్కలతో ఏం మాట్లాడను?"

"ఇంట్లో మాట్లాడేదే."

ఇంట్లో నేనొక్కడినే. వర్క్ ఫ్రమ్ హోమ్. మీటింగుల్లో కూడా మ్యూట్‌లోనే ఉంటాను.

బండి కదిలాక మొహమాటంగా, "ఏరా, తిన్నావా?" అన్నాను. తెలుగే వచ్చింది నోటికి. నల్లకుక్క చెవులు వెనక్కి తిప్పి విని, పరుగందుకుంది. ఇక నేను ఆగలేదు. రూమ్‌మేట్ ఖాళీ చేసి వెళ్లిపోవడం, మొన్న పప్పు మాడ్చడం, అన్నీ చెప్పాను.

నోవైలో ఇప్పుడు శనాదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోతున్నాయి. పడిపోయానేమోనని తిరిగి చూసేవాళ్లు లేరు.