ఎలుక కాలేయంలో చిజురు చూసింది

చిజురు ఒగురికి పట్టా లేదు. కనజావా నగరంలోని ఒక ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లుగా ఎలుకల కాలేయాలు కోసి, స్లైడ్ల మీద రంగులు వేయడమే ఆమె పని. చేపల కొట్టులో పెరిగిన చెయ్యి, కత్తి పట్టుకుంటే వణకదు.

ఆ ఏడు ప్రయోగశాల అధిపతి ప్రొఫెసర్ ఇవాసె ఒక ప్రోటీన్ వెంట పడ్డాడు. మందు ఒంట్లో చేరగానే కణంలోని కేంద్రకంలో జన్యువులను మేల్కొలిపి, మందులను విరిచేసే ఎంజైములను తయారు చేయించే ప్రోటీన్ అది. మందు ఉన్నా లేకున్నా కేంద్రకంలోనే ఉంటుందని ఆయన వాదన. ఏళ్ల తరబడి సీసాల్లో పెంచుతున్న కణాల్లో అలాగే కనిపించేది మరి.

చిజురు మాత్రం అప్పుడే కోసిన కాలేయంలో వెతికింది. మందు పడని ఎలుకలో, రంగు పట్టిన ఆ ప్రోటీన్ ఆకుపచ్చ మెరుపు కేంద్రకం బయటే ఉంది. మూర్ఛ మందు ఇచ్చిన మూడు గంటలకు లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు తమ్ముడు కెంజొ గుర్తొచ్చాడు. అతను మూర్ఛ మాత్రలు మొదలుపెట్టాక, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర పనిచేయడం మానేసింది; చావు తప్పి బయటపడ్డాడు. ఆ మాత్రను విరిచేసింది ఈ ఎంజైములే అయ్యుండాలి.

ఇవాసె స్లైడ్లు చూసి పెదవి విరిచాడు. "రంగు సరిగా పట్టలేదు ఒగురి గారూ. వచ్చే వారం టోక్యో సభలో నా ప్రసంగం. ఇవి పక్కన పడేయండి."

"పడేయను సెన్సే."

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. సెన్సేకి, అంటే గురువుగారికి, ఎదురు చెప్పినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

"మీకేం తెలుసని?"

"సిద్ధాంతాలు తెలీవు. కాలేయం తెలుసు. మీ సీసాల్లో కణాలు కాలేయాన్ని ఎప్పుడో మరిచిపోయాయి. స్లైడ్ల మీద పేర్లు మీరే కప్పేసి, మీరే కలిపేయండి. ఏ ఎలుకకు మందు పడిందో నేను చెబుతాను. ఒక్కటి తప్పినా రేపట్నుంచి రాను."

ఆయన ముఖం కందిపోయింది. అయినా పన్నెండు స్లైడ్ల మీద తన చేత్తోనే కాగితాలు అంటించాడు. చిజురు సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. "పడింది. పడలేదు. పడలేదు..." పన్నెండూ చెప్పి లేచింది.

ఇవాసె కాగితాలు ఒలిచి చూసుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇంకో మూడుసార్లు చేసి చూడాలి," అన్నాడు.

"అయిదుసార్లు చేశాకే మీ దగ్గరికొచ్చాను."

క్షమాపణ ఆయన నోట రాలేదు. టోక్యో ప్రసంగం మాత్రం మార్చుకున్నాడు. వ్యాసం రాసినప్పుడు ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో మాత్రమే పెట్టాడు. చిజురు ఆ వాక్యం కొట్టేసి, రచయితల వరసలో రెండో చోట తన పేరు రాసి, కాగితం ఆయన బల్ల మీద పెట్టింది.

అది అలాగే అచ్చయింది.