అక్క నవ్వుకు సరిపడే కెమెరా

వీధిలో అందరూ లిఫ్టాయన అని పిలిచే ఆ మనిషికి కెమెరాల గురించి ఓనమాలు తెలియవు. చెడిపోయిన లిఫ్టులు బాగుచెయ్యడం తప్ప వేరే యావ లేనివాడు. అలాంటివాడు ఆ రోజు పని ఎగ్గొట్టి పాత కెమెరాల దుకాణానికి వెళ్ళాడు. కారణం వాళ్ళక్క.

వచ్చే వారం ఆవిడ కదులుతున్న ముందుపళ్ళు రెండూ పీకించుకుని కొత్తవి కట్టించుకుంటోంది. ఆ పళ్ళ మధ్య పుల్ల పట్టేంత సందు. నవ్విందంటే ముందు కనబడేది అదే. ఆ నవ్వు చూస్తూనే అతను పెరిగాడు. ఒక్క ఫొటోలోనూ అది లేదు. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, ఆవిడ నోటికి తాళం పడిపోతుంది.

“ఎలాంటిది కావాలి?” అంది దుకాణం ఆవిడ.

“చవగ్గా ఉండాలి. తీస్తున్నట్టు తెలియకూడదు.”

ఆవిడ అతనికి ఇవ్వబోతున్న కెమెరా వెనక్కి లాక్కుంది. “ఎవర్ని తీస్తారేంటి?”

“మా అక్కనండీ బాబూ! కెమెరా చూస్తే మూతి బిగించేస్తుంది.”

“అలా చెప్పండి, హడలగొట్టేశారు.” పొడుగు లెన్సుది తీసింది. “దీంతో వీధి చివర్నుంచి తీయొచ్చు.”

“మాది రెండు గదుల ఇల్లు. వీధి చివర్నుంచి తీస్తే గోడే పడుతుంది.”

చివరికి గీతలుపడ్డ చిన్నది ఒకటి దొరికింది. దాని స్క్రీన్ పైకి తిరుగుతుంది. పొట్ట దగ్గర పెట్టుకుని, తలొంచుకుని చూసుకోవచ్చు.

“జూమ్ పనిచెయ్యదు, అందుకే చవక,” అంది ఆవిడ.

“కాళ్ళున్నాయిగా, దగ్గరికెళ్తాను.”

ఇంటికొచ్చేసరికి అక్క దుప్పట్లు మడతపెడుతోంది. అతను గుమ్మంలో నిలబడి కెమెరా పొట్టకి ఆనించాడు.

“ఏరా, కడుపునొప్పా?”

“ఏం లేదక్కా.”

ఆవిడ వంగి చూసింది. “ఓరి నీ! పొట్టకి కన్ను మొలిచిందేంట్రా? ఇన్నాళ్ళూ దానికి నోరొక్కటే ఉందనుకున్నా!” తన మాటకి తనే పగలబడి నవ్వింది.

అతను బటన్ నొక్కేశాడు.

ఆవిడ చటుక్కున కెమెరా లాక్కుంది. బొమ్మ వంకరగా ఉంది, సగం దుప్పటే. సందు మాత్రం స్పష్టంగా పడింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“తీసెయ్. దయ్యంలా ఉన్నాను.”

అది ఇక పోదని చెప్పేస్తే సరిపోయేది. అయినా అబద్ధమాడలేదు. “ఆ చెత్తబుట్ట గుర్తు నొక్కితే పోతుంది. నీ మొహం, నీ ఇష్టం.”

ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. తర్వాత కెమెరా ఆపి, బీరువాలో తన బట్టల కింద పెట్టింది.

“నిలబడ్డావేం? ఆ దుప్పటి చివర పట్టుకో.”