రీడింగ్ హాల్లో నేను కట్టించిన తాడు

రిటైర్మెంటుకు ఏడాది ముందు, ఒక ఏప్రిల్‌లో, తార్నాక పక్కనున్న మా యూనివర్సిటీ లైబ్రరీలో నన్ను రీడింగ్ హాల్ ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా అసిస్టెంట్ లైబ్రేరియన్. నా పైన డిప్యూటీ, ఆయన పైన లైబ్రేరియన్. నా కింద అటెండర్ నర్సింహ ఒక్కడే. ఉద్యోగ నోటిఫికేషన్లు వస్తున్నాయన్న మాట పుట్టిన వేసవి అది. హాల్లో కుర్చీలు తొంభై; వచ్చేవాళ్లు అంతకు రెట్టింపు.

కుర్చీ మీద పుస్తకం పెడితే అది రిజర్వు అయినట్టు. ఏ రూల్సులోనూ లేదు, అందరూ పాటించేవారు. హాస్టల్ పిల్లలు తలుపు తీయగానే పుస్తకాలు పరిచి మెస్సుకు టిఫిను కోసం పోయేవారు. సీతాఫల్‌మండి అద్దె గదుల్లో ఉండేవాళ్లు నడిచొచ్చేసరికి కుర్చీల మీద పుస్తకాలే ఉండేవి. వాటిని తీసి కిటికీ గట్టున పెట్టి కూర్చునేవారు.

"ఏందన్నా, బుక్కు కనబడలేదా?"

"కనబడ్డది. మనిషే కనబడలే. ఎగ్జాము బుక్కు రాస్తదా?"

మొదటి వారం తగవు కుర్చీల గురించి. రెండో వారానికి మనుషుల గురించి అయింది. రూములోళ్లు దొంగలని, ఫ్యాను కింద కునుకు తీయడానికే వస్తారని హాస్టల్ వాళ్లు అనేవారు. సర్కారు బువ్వ తిని బలిసినోళ్లని రూముల వాళ్లు అనేవారు. రెండు వైపులా ఉన్నది అవే జిల్లాల రైతుల బిడ్డలు. పండక్కి అవే బస్సులెక్కేవారు.

ఒకరోజు పుస్తకాలు గాల్లోకి లేచాయి. నేను బల్లెక్కి ఒక్క గర్జన గర్జిస్తే రెండు వందల మంది గప్‌చుప్‌గా కూర్చున్నారని తార్నాక టీకొట్ల దగ్గర చాలామందికి చెప్పాను. మీకు నిజం చెప్పేస్తాను. మోకాళ్ల నొప్పులతో నేను స్టూలు కూడా ఎక్కలేను. అక్కడున్నది ముప్పై మంది. కౌంటరు వెనక నిలబడి "సైలెన్స్, సైలెన్స్" అన్నాను, ఎవరూ వినలేదు. మధ్యలోకి వెళ్లి ఆపినవాడు నర్సింహ.

మర్నాడు హాలు మధ్యన తాడు కట్టించాను. ఎడమ హాస్టల్, కుడి రూములు. గొప్ప పరిపాలన అనుకున్నాను. అప్పటిదాకా తగవుపడింది పదిమంది. తాడు కట్టాక ఏ పక్షమూ కానివాడు హాల్లో మిగల్లేదు. రోజూ ఒకే బల్ల మీద నోట్సు మార్చుకునే ఇద్దరమ్మాయిలు కూడా అటొకరు, ఇటొకరు కూర్చున్నారు, తలెత్తి చూసుకోకుండా.

డిప్యూటీ నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. అటెండర్ నర్సింహ తన ఇంట్లో విద్యార్థులకు గది అద్దెకిచ్చాడని, అందుకే రూముల వాళ్లను పక్క తలుపు నుంచి ముందే లోపలికి పంపుతున్నాడని "తెలిసింది" అని రాశాను. గది అద్దెకిచ్చిన మాట నిజం. పక్క తలుపు సంగతి నేను ఒక్కనాడూ చూడలేదు, హాస్టల్ వాళ్లు అనుకుంటుంటే విన్నాను. నర్సింహకు మెమో వచ్చింది. దానికి జవాబు నిలవకపోతే సస్పెన్షనే.

ఇరవై రెండేళ్లుగా ఇద్దరం ఒంటిగంటకు ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. మా ఆవిడ గుంటూరు పద్ధతిలో పట్టిన గోంగూర అతనికి, అతని జొన్నరొట్టె నాకు. ఆ రోజు అతను డబ్బా పట్టుకుని నిలబడే ఉన్నాడు. తప్పు కప్పుకోవడానికి నేనే మొదలుపెట్టాను: "మీవాళ్లను వెనకేసుకొస్తావని అందరూ అంటున్నారయ్యా."

"ఇరవై రెండేండ్లు నా డబ్బాల చెయ్యి పెట్టి తిన్నరు సార్. గప్పుడు నేను ఎవ్వల మనిషినో మీరు అడగలే." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "పోరగాళ్లు కొట్లాడేది కుర్చీల కోసం. కింద గదిల నలభై ఉన్నయి. తాళం మీ డ్రాయర్లనే ఉన్నది."

ఉంది. అవి కండెమ్నేషన్‌కు పెట్టినవి. అంటే, పనికిరావని కమిటీ చూసి సంతకం పెడితేనే రిజిస్టర్లోంచి కొట్టేస్తారు. రిజిస్టర్లో నలభై ఆరు, గదిలో నలభై. ఫైలు కదిలిస్తే ఆ ఆరూ ఏవని అడుగుతారు, పెన్షన్ కాగితాలు ఆగుతాయి. అందుకని, హాలుకు రాకముందు ఫర్నిచర్ చూసే రోజుల నుంచీ, రెండేళ్లుగా తాళం వేసి ఉంచాను. ఆరు కుర్చీలు ఏమయ్యాయో తెలియదని చెబుతూ వచ్చాను. అయిదు ఏమయ్యాయో నిజంగానే తెలియదు. ఆరోది తార్నాకలో మా బాల్కనీలో ఉంది, రిపేరుకని తెచ్చుకున్నాను.

దాన్ని ఆటోలో వేసుకుని తిరిగి తెచ్చాను. లోటు సంగతి ఒప్పుకుంటూ ఫైలు పంపాను. నర్సింహ మీద రాసింది నేను చూడని సంగతని మరో కాగితం రాస్తే మెమో రద్దయింది. వడ్రంగి మరలు బిగిస్తే ముప్పై నాలుగు కుర్చీలు నిలబడ్డాయి. తాడు నేనే విప్పాను. అప్పటికీ అందరికీ చాలలేదు గానీ, నెల తిరక్కుండా ఆ ఇద్దరమ్మాయిలు ఒకే బల్లకు వచ్చారు.

నర్సింహ మా భోజనం బల్లకు రాలేదు. చెప్పిన పని చేసేవాడు, "సార్" అనడం మానలేదు. డబ్బా మాత్రం సైకిల్ స్టాండు దగ్గర విప్పేవాడు.

నేను నేర్చుకున్నది ఇది. వస్తువు చాలనప్పుడు జనం ఒకరి బుద్ధిని ఒకరు అనుమానిస్తారు గానీ, తాళం ఎవరి దగ్గరుందో అడగరు. తాళం ఉన్నవాడికి అది చాలా వీలుగా ఉంటుంది. నాకూ అలాగే ఉండింది. మిగిలిన పనిదినాలన్నీ ఒంటిగంటకు ఒక్కడినే తిన్నాను. గోంగూర సీసా సగం కూడా ఖాళీ కాకుండా ఇంటికి వెళ్లేది.